జెండాల బతుకమ్మ

శంషాబాద్ మార్కెట్లో తంగేడు పూలు బేరమాడుతుంటే మా ఊరు పాల్మాకుల బీడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో, బతుకమ్మకు పువ్వులు తెమ్మని నాయనమ్మ నన్ను ఆ బీడుకు పంపింది. వెళ్లి చూస్తే ఒక్క తంగేడు చెట్టూ లేదు. నేలంతా చదును చేసి, ఎర్రవీ పచ్చవీ చిన్న చిన్న జెండాలు గుచ్చారు. పట్నమోళ్లు కొత్తరకం పువ్వులు వేశారనుకుని గౌను ఒడినిండా పీక్కొచ్చాను. నాయనమ్మ వాటినే బతుకమ్మగా పేర్చింది.

సాయంత్రం ప్లాట్లు అమ్మేవాడు లబలబలాడుతూ వచ్చాడు. "మీ పిల్ల జెండాలన్నీ పీకింది! ఇగ ఏ ప్లాటు ఎవనిదో ఎట్ల తెలుస్తది?"

నాయనమ్మ బతుకమ్మను ఎత్తుకుంది. "మా పువ్వులు నువ్వు పీకినవు, నీ పువ్వులు మా పిల్ల పీకింది. జర జరుగు కొడకా, చెరువుకు పోవాలె."

ఇప్పుడు ఆ బీడులోనే మేముండే అపార్ట్‌మెంట్ ఉంది. దాని పేరు తంగేడువనం. పువ్వులకు మాత్రం మార్కెట్‌కు రావాలి.