సగం మాస్టారు

మా ఎడిటింగ్ మాస్టారు తన జన్మలో ఒక్క సినిమాని కూడా ఒకేసారి చూస్తూ విని ఎరగరు. చూస్తే వినరు, వింటే చూడరు. అందుకే ఫిల్మ్ కాలేజీలో ఆయనకి సగం మాస్టారు అని పేరు. ఆ పేరు ఆయన చెవిన పడిందో లేదో మాకు తెలియదు. వారంలో మూడు రోజులు ఆ చెవుల్లో దూది ఉండేది మరి.

సోమ, మంగళ, బుధవారాలు రంగుల రోజులు. చెవుల్లో దూది కుక్కుకుని, తెర ముందు కూర్చుని, మేం తీసుకొచ్చిన సినిమాల్లో రంగులు సరిచేయించేవారు. గురు, శుక్ర, శనివారాలు శబ్దం రోజులు. అప్పుడు కళ్ళకి నల్ల రుమాలు కట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి వినేవారు.

"ఎందుకు మాస్టారూ ఇంత అవస్థ?" అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "కన్నూ చెవీ తోడికోడళ్ళమ్మా. ఒకే వంటింట్లో పెడితే వంట కాదు, పోట్లాటే అవుతుంది."

దూది రోజు ఆయన గొంతు తారస్థాయిలో ఉండేది. "నీలం తగ్గించు" అంటే కింది అంతస్తు లైబ్రరీలో ఎవరో ఒకరి చేతిలోంచి పుస్తకం జారిపడేది. రుమాలు రోజు అదే గొంతు గుసగుసకి దిగేది. "అక్కడ కుర్చీ కిర్రుమంది, తీసెయ్" అన్న మాట ఎవరి ఇంటి గుట్టో చెబుతున్నట్టు ఉండేది.

ఒకసారి ప్రిన్సిపాల్ గారు దూది రోజున వచ్చి, హాజరు పట్టీ సరిగ్గా రాయడం లేదని పది నిమిషాలు మందలించారు. మాస్టారు ఆయన ముఖాన్నే శ్రద్ధగా చూశారు. చివరికి, "ఎరుపు బాగా ఎక్కువైందండీ. కాస్త తగ్గిస్తే సహజంగా ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు ఏ పని ఉన్నా గురువారమే వచ్చేవారు.

మాస్టారి భార్య ఓసారి కాలేజీకి వస్తే, ఇంట్లో కూడా ఇంతేనా అని అడిగాం.

"ఏం చెప్పమంటారు? పాట వింటే కళ్ళు మూసుకుంటారు. కొత్త చీర ఎలా ఉందని అడిగితే చెవులు మూసుకుని చూస్తారు. సరిగ్గా అప్పుడే, మా పుట్టింటివాళ్ళు నెలరోజులు ఉండడానికి వస్తున్నారని చెప్పేస్తాను" అన్నారావిడ.

ఈ సౌకర్యాన్ని మేమూ వాడుకున్నాం. రుమాలు రోజు ఆలస్యంగా వచ్చినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని వెనక బెంచీకి చేరేవారు. దూది రోజు ఇంకా మేలు. ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆయన కుర్చీ వెనక నిలబడి చెప్పేసుకోవచ్చు. ఈ చదువు ఇష్టం లేదని ఒకరు, ఇంట్లో గొడవలని ఒకరు, తీసిన సినిమా తమకే నచ్చలేదని ఒకరు. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది. కాకపోతే ఈ గోడ మధ్యమధ్యలో పసుపు పెంచమనేది.

చివరి సంవత్సరంలో నేను తీసిన సినిమా ఇరవై నిమిషాలది. ఒకే ఇంట్లో ఉంటున్న అక్కాచెల్లెళ్ళు ఏదో మాటపట్టింపుతో వారం రోజులు మాట్లాడుకోరు. ఆఖరి సీనులో అక్క వంటింట్లో టీ కలుపుతూ, "చక్కెర ఎంత వెయ్యను?" అని అడుగుతుంది. ముప్పై ఏళ్ళుగా చెల్లెలికి టీ కలుపుతున్న మనిషి అడిగే ప్రశ్న కాదది. అదే ఆవిడ క్షమాపణ. సినిమా మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

అక్క వేషం మా పిన్ని వేసింది. ఆవిడ టైలరు. నటన తెలియదుగానీ, కొలతలు తీసేటప్పుడు మనిషిని చూసే చూపు ఒకటుంది, దానికోసం బతిమాలి ఒప్పించాను. చెల్లెలి వేషం పక్కింటావిడది. సౌండు పని నా స్నేహితురాలిది. మైకు మోస్తుంది కాబట్టి క్లాసులో దాని పేరు మైకే అయిపోయింది.

షూటింగు రెండు ఆదివారాలు, పిన్ని ఇంట్లోనే. మొదటి ఆదివారం మైకు ఫ్రిజ్ ఆపడం మరిచిపోయింది. పిన్ని ప్రతి మాట వెనకా ఒక తుమ్మెద తిరుగుతున్నట్టు రికార్డయింది. నేను అందరి ముందూ అరిచాను.

"ఇంకో తప్పు జరిగిందంటే టైటిల్స్‌లో నీ పేరు వెయ్యను."

రెండో ఆదివారం మైకు ఫ్రిజ్, ఫ్యాను, కిటికీలు, పక్కింటి రేడియో, అన్నీ రెండేసిసార్లు చూసుకుంది.

మరుసటి సోమవారం రంగుల పని మొదలైంది. మొదటి ఆదివారం ఎండ, రెండోది మబ్బు. రెండు రోజుల ముక్కల్నీ పక్కపక్కన పెడితే పిన్నికి ఒక షాట్‌లో పచ్చకామెర్లు, తర్వాతి షాట్‌లో రాత్రంతా చలిలో నిలబెట్టినట్టు నీలం.

"అక్కాచెల్లెళ్ళు ఇద్దరన్నావు. నాకు ఐదుగురు కనిపిస్తున్నారేం?" అని మాస్టారు అరిచారు.

"ముఖం సరిచెయ్యనా మాస్టారూ?" అని కాగితం మీద రాసి చూపించాను.

"ముఖం జోలికి పోకు. ఆ టీ కప్పు తెల్లది కదా? ముందు దాన్ని తెల్లగా కనిపించనీ. కప్పు తెల్లబడితే మీ పిన్ని ఆరోగ్యం అదే కుదుటపడుతుంది."

అలాగే జరిగింది. షాటు షాటుకీ కప్పుని తెల్లబరుస్తూ పోతే పిన్ని ఒకే మనిషైంది.

మంగళవారం నేను క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి మాస్టారు కుర్చీలో అటూఇటూ కదులుతున్నారు.

"మీ పిన్ని ఫోన్ నంబరు కావాలి" అన్నారు.

ఎందుకని చేత్తో సైగ చేశాను.

"జాకెట్టు అసలు రంగేమిటో అడగాలి. ఇంకోటి, ఆఖర్న పేర్లు వస్తాయి చూడు, అందులో సౌండు చేసినవాళ్ళ పేరు చదివేలోపే పోతోంది. ఒక సెకను పెంచు. ఆఖరుగా, ఈ గురువారం నువ్వు రాకు. తీసినవాళ్ళని చూస్తే శబ్దం సిగ్గుపడుతుంది."

మనిషికి వెర్రి ముదిరిందనుకున్నాను. నంబరిచ్చాను, సెకను పెంచాను, గురువారం హాయిగా నిద్రపోయాను. శనివారం వెళ్ళి వింటే సౌండు అంతా పూర్తయి ఉంది. వంటింటి సీనులో చెంచా కప్పుకి తగలడం, పిన్ని ఊపిరి తీసుకోవడం, ఆగడం, ఆ తర్వాత ఆ మాట. నేను ఊహించినదానికన్నా బాగుంది. మైకుని మెచ్చుకున్నాను. అది తలదించుకుంది. వినయం అనుకున్నాను.

సోమవారం కాలేజీ హాల్లో పరీక్షకులకి సినిమా వేశారు. బయటినుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు వంటింటి సీను అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ చెంచా శబ్దం ఎవరు పట్టారు?" అని పేరు అడిగి మరీ రాసుకున్నారు.

నేనూ మైకూ బయటికొస్తుంటే, సినిమా చూడ్డానికి వచ్చిన పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. మాస్టారు వరండాలో చకచకా నడిచి వెళ్తున్నారు.

"అదేంటే, ఆయనకి చూపొచ్చిందా?" అంది.

"ఎవరికి పిన్నీ?"

"మీ మాస్టారికే. మొన్న గురువారం ఈ అమ్మాయితో మా ఇంటికొచ్చారుగా. కళ్ళకి గంతలు. పాపం గుడ్డివారని నేనే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను. నా చేత చక్కెర మాట పాతికసార్లు చెప్పించారు. ఫోనులో నా బొమ్మ చూస్తూ, పెదాలు కలిసేలా చెప్పాలట. అన్నిసార్లు టీ కలిపాను, ఒక్క కప్పూ తాగలేదు ఆయన. నువ్వే పంపావనుకున్నానే."

నేను మైకు వైపు తిరిగాను. దాని ముఖంలో రంగు లేదు.

"రెండో ఆదివారం ఫ్రిజ్ ఆపాను, ఫ్యాను ఆపాను, అన్నీ చూశాను. రికార్డు బటను నొక్కడం మరిచిపోయాను. కెమెరా దానంతటది పట్టిన గుసగుస తప్ప ఏమీ లేదు. నీకు చెప్తే పేరు తీసేస్తావని భయమేసింది" అంది.

"మరి మాస్టారికెలా చెప్పావు?"

"చెప్పలేదే. దూది రోజు కదా అని, నువ్వు క్యాంటీన్‌కి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ వెనక నిలబడి ఏడ్చాను, అంతే. నువ్వన్న మాట కూడా చెప్పుకున్నాను. ఆయన వెనక్కి తిరగనైనా లేదు, ఆకుపచ్చ తగ్గించాలి అన్నారు. మర్నాడు పొద్దున పిలిచి, గురువారం మైకు తీసుకుని బయల్దేరమన్నారు. ఎందుకని అడిగితే, నాకో మంచి వంటిల్లు వినాలనుంది అన్నారు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ చదువు ఇష్టం లేదని చెప్పుకున్న సీనియర్‌ని మాస్టారు తన మిత్రుడి ఫోటో స్టూడియోలో పనికి పెట్టించడం, ఇంట్లో గొడవలన్న అమ్మాయికి మాస్టారి భార్య తమ మేడ మీది గది ఇవ్వడం, అవన్నీ కాకతాళీయం అనుకున్నాం ఇన్నాళ్ళూ.

"సారీయే. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అన్నాను మైకుతో. అది నా వీపు మీద ఒక దెబ్బ వేసింది. లెక్క సరిపోయింది.

మంగళవారం ఒక్కదాన్నే ఎడిటింగ్ గదికి వెళ్ళాను. మాస్టారు ఇంకెవరిదో సినిమా చూస్తున్నారు. కుర్చీ వెనక నిలబడి, "మాస్టారూ, స్నేహితురాల్ని అంతమందిలో ఏడిపించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది" అన్నాను.

ఆయన కదల్లేదు. తెర వైపే చూస్తూ, "నీడల్ని మరీ నల్లగా చేసుకోకు. అంత నలుపేం లేదక్కడ" అని లైబ్రరీ అదిరేలా అరిచారు.

తెర మీద ఉన్నది మిట్టమధ్యాహ్నం మైదానంలో తీసిన షాటు. వెతికినా నీడ లేదు.

తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను. వరండాలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, కళ్ళు ఉబ్బి, నిలబడి ఉంది.

"అక్కా, ఇవాళ దూది రోజేనా?"

"దూది రోజే."

"నిజంగా ఆయనకి ఏమీ వినపడదా?"

"పక్కన పిడుగు పడినా వినపడదు" అన్నాను. "వెళ్ళు తల్లీ, తీరిగ్గా చెప్పుకో."