షాక్ కాదు సార్, వైబ్రేషన్

రిటైర్ కావడానికి ముందు సంవత్సరం నేను విద్యుత్ తనిఖీ శాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు నా పరిధిలోవి. చాలామంది మమ్మల్ని బిల్లు వసూలుకు వచ్చామనుకుని మొహం చాటేసేవారు. మా పని అది కాదు. కరెంటు అమ్మేవాళ్లు వేరు, అది మనుషుల ప్రాణాలు తీయకుండా చూసేవాళ్లం మేము. పెద్ద జనరేటరు బిగించినా, సినిమా హాలు కట్టినా మేము చూసి సరేనంటే తప్ప స్విచ్ వేయకూడదు.

ఆ వానాకాలంలో మొయినాబాద్ రోడ్డు మీది ఒక కాంప్లెక్సులో కొత్తగా పెట్టిన జనరేటరు చూడటానికి వెళ్లాను. జనరేటరుకు వంక పెట్టడానికేమీ లేదు. దాని లైను ఏ దుకాణంలోకి పోతుందో చూడటం కూడా తనిఖీలో భాగమే కాబట్టి కింది అంతస్తులోని వీడియో గేముల హాలుకు వెళ్లాను. గుమ్మం బయట చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. హాలు నడిపే సామేలు వాళ్లమ్మ రత్నమ్మ కుర్చీలో కూర్చుని నా కాళ్లవైపే చూసింది.

"బూట్లు ఇడిసి రా బిడ్డా. ఐతారం మేం ఈడనే ప్రార్థన జేస్కుంటం" అంది.

డ్యూటీలో బూట్లు విప్పకూడదని మా నియమం అని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. నేను అలాగే లోపలికి నడిచాను. అప్పుడే తుడిచిన గచ్చు ఇంకా తడిగా ఉంది. బడి పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు అందరూ వట్టి కాళ్లతో ఆడుతున్నారు. నాకు ఒళ్లు మండింది, కానీ తనిఖీలో మొదట అడగాల్సిన ప్రశ్నే అడిగాను: ఎక్కడైనా షాక్ కొడుతుందా? లేదు సార్ అని సామేలు ధీమాగా చెప్పాడు. ఆడేవాళ్లూ లేదనే అన్నారు.

మూలన కారు రేసు ఆడే గేము బండి దగ్గర మాత్రం వరస కట్టి నిలబడ్డారు. దాని ప్రత్యేకత ఏమిటని అడిగితే, పట్టుకుంటే చేతులు జివ్వుమంటాయని ఒక ఇంజనీరింగ్ కుర్రాడు చెప్పాడు. అది షాక్ కదా అన్నాను.

"షాక్ కాదు సార్, వైబ్రేషన్. బండి స్పీడుల ఉన్నట్టు ఫీలింగ్ వస్తది" అన్నాడు. ఏ బ్రాంచి అని అడిగాను. ఎలక్ట్రికల్ అట.

అంతకంటే పెద్ద సంగతి సామేలు నవ్వుతూ చెప్పాడు. పిల్లలు దీనికి ఇంకో ఆట కనిపెట్టారు. ఒక చేత్తో బండి, మరో చేత్తో పక్కనే ఉన్న ఇనుప షట్టరు పట్టుకోవాలి. ఎవరు ఎక్కువసేపు వదలకుండా ఉంటే వాళ్లు గెలిచినట్టు.

"ఇండ్ల మా బిడ్డనే ఫస్టు సార్. గ్రేస్, ఇటు రా, సార్‌కు చూపియ్యి" అని కూతుర్ని పిలిచాడు.

ఆ పిల్ల బయట నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నదల్లా పరుగెత్తుకొచ్చింది. చేతులు తుడుచుకోనైనా లేదు. ఒక చేయి షట్టరు మీద వేసి, రెండోది బండి వైపు చాచింది. ఆగమని నేను పెట్టిన కేకకు హాలంతా బిగుసుకుపోయింది. నా సర్వీసులో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. ఆ పిల్ల చేయి గాల్లోనే ఆగింది. నేను వెళ్లి మెయిన్ దించేశాను. గేములన్నీ ఆరిపోయాయి. పిల్లలు గోల పెట్టారు.

అందరినీ బయటికి పంపి, రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ ఒక్క బండికే కరెంటు ఇచ్చి మీటరు పెట్టాను. బండి ఇనుప ఒంటికీ షట్టరుకూ మధ్య ఇంట్లో ప్లగ్గులో ఉండే వోల్టేజీలో దాదాపు సగం చూపించింది. లోపల తీగల మీది పూత చెమ్మకు పాడై కరెంటు కారుతోంది. అలా కారిన కరెంటును భూమిలోకి పంపడానికే ఎర్తింగు తీగ ఉంటుంది. ఇక్కడ దాన్ని కత్తిరించి టేపు చుట్టారు. తేడా రాగానే సరఫరా ఆపే ట్రిప్పును కూడా తప్పించి లైను నేరుగా ఇచ్చారు.

"ట్రిప్పు ఊకె పడుతుండె సార్. కరెంటు పనాయన అవి తీసేసిండు. అప్పటిసంది ఏం ఫికర్ లేదు" అన్నాడు సామేలు.

ఆ ట్రిప్పు పడినప్పుడల్లా మీ బిడ్డను కాపాడిందని చెప్పాను. చేతులు పొడిగా ఉండటం వల్లే ఇన్నాళ్లూ బతికిందని, తడి చేతులతో రెండూ పట్టుకుంటే కరెంటు గుండె మీదుగా పోతుందని కూడా చెప్పాను. సామేలు కూతురి చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. రత్నమ్మ లేచి నిలబడింది.

"నిన్న పొద్దుగూకెదాంక గదే ఆట ఆడింది సార్" అంది.

ప్రాణాపాయం ఉన్నచోట అప్పటికప్పుడు సరఫరా ఆపించే అధికారం మాకు ఉంటుంది. కారణం రాసిచ్చి హాలు మూయించాను. సామేలు వైరింగంతా మార్పించి, నేను మళ్లీ చూసి ఒప్పుకున్నాకే తెరిచాడు.

ఆ రోజు అక్కడ నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల దృష్టిలో షాక్ అంటే మనిషిని విసిరికొట్టేది. జివ్వుమనేదానికి వాళ్లు వేరే పేరు పెట్టుకున్నారు. అప్పటి నుంచి నేను షాక్ అనే మాట ఎత్తకుండా, ముట్టుకుంటే ఎట్లుంటది అని అడగడం మొదలుపెట్టాను.

తర్వాతి తనిఖీ చేవెళ్లలో, ఒక పిండి గిర్ని. అదే ప్రశ్న వేశాను. గిర్ని నడిపే ఆమె మిషను మీద ఆప్యాయంగా చేయి వేసి, "జర జిల్లుమంటది సార్. మోచేయి నొప్పికి మంచిగ పనిజేస్తది" అంది.

ముందు మెయిన్ దించి, ఆ తర్వాత ఆమె పేరు అడిగాను.