ఉప్పు కొఠారులో బొమ్మల తాతగారు

బొమ్మల తాతగారు పోయారు. కబురు తెచ్చింది పడవ సరంగు. తోళ్ళు కొనడానికని ఎగువకి వెళ్ళిన మనిషి, జొన్నాడ రేవులో సత్రం అరుగు మీద మధ్యాహ్నం కునుకు తీసి మళ్ళీ లేవలేదట.

"ఆయ్, నిద్దట్లోనే పోయేరండి. పక్కన బెల్లంముక్క సగం కొరికి ఉందండి" అన్నాడు సరంగు.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తరవాత ఏడుపొచ్చింది. ఇంటికి వచ్చేలోపలే ఊళ్ళో వాళ్ళు నా వెంటపడ్డారు. తాతగారి తోలుబొమ్మ ఒకటి చెయ్యమన్నారు. అప్పుడప్పుడూ తెర మీద చూసుకుంటామన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి చేస్తే నేనే చెయ్యాలి.

ఎరగనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను. కాట్రేనికోనకి దిగువన పాయ ఒడ్డున మా ముత్తాతల నాటి ఉప్పు కొఠారు ఒకటుంది. చెమ్మ తగలకూడదని దానికి కిటికీలు పెట్టలేదు. పాయ దారి మార్చుకున్నాక పడవలు రావడం మానేశాయి, కొఠారు గబ్బిలాల పాలైంది. ఉప్పెన వచ్చిన రోజు మేమంతా దాని మిద్దె మీదికే పరుగెత్తాం. మెట్ల దగ్గర నీళ్ళు నా నడుం దాకా ఉన్నాయి. నా చేతిలో మా చెల్లి చెయ్యి ఉంది. పై మెట్టు ఎక్కేసరికి లేదు. దానికి ఎనిమిదేళ్ళు. శవం కూడా దొరకలేదు.

ఆ తరవాత కొఠారులోంచి మాటలు వినిపిస్తున్నాయని ఊరంతా అనేవారు. నేనూ విన్నాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఆకు కదలనప్పుడు కూడా విన్నాను. ఏం మాటలో తెలిసేది కాదు, ఎవరో లోపల నన్ను గురించే చెప్పుకుంటున్నట్టు ఉండేది. గొడ్లను కూడా అటు తోలేవారు కాదు.

రెండేళ్ళు గడిచాక ఆయన వచ్చారు. భుజాన కావడి, కావడిలో బొమ్మల పెట్టె, ఆయన కంటే ముందు నడిచే మీసం. బొమ్మలు ఆరబెట్టుకోవడానికి ఆ కొఠారు ఇప్పించమని కరణంగారిని అడిగారు.

"అది దెయ్యాల కొంపండి" అన్నారు కరణంగారు.

"కిటికీలు లేవంట కదండి?"

"లేవండి. అయితే?"

"అయితే పగలే ఆట ఆడుకోవచ్చండి. దెయ్యాలకి మాత్రం పొద్దు గడవొద్దాండి?"

తోలుబొమ్మలాట చీకటి పడ్డాకే ఆడతారు, లేకపోతే తెర మీద నీడ పడదు. ఉప్పెన తరవాత మా వాడలో ఆడవాళ్ళు దీపాలవేళ దాటితే గడప దిగేవారు కాదు. అలాంటివాళ్ళ కోసం ఆయన పట్టపగలు తలుపు మూసి, తెర వెనక ఆముదం దీపాలు పెట్టి ఆడారు. మొదటి రోజు ముగ్గురొచ్చారు. అందులో ఇద్దరు దెయ్యాలు చూడ్డానికి వచ్చినవాళ్ళు.

తరవాత గబ్బిలాలని తోలాం, గోడలకి సున్నం కొట్టాం. ఉప్పెన నీళ్ళు నిలిచిన చార ఒకటి గోడచుట్టూ ఉంటే, దాని మీద మాత్రం సున్నం పడనివ్వలేదాయన. "అంతెత్తు వచ్చిందని తెలియాలి కదమ్మా" అన్నారు. ఒక మూల గంజి పొయ్యి వెలిగింది. ఒక మూల మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవారు. డప్పులవాళ్ళు వచ్చి అక్కడే వాయించుకునేవారు. ఆనకట్ట పనికి వెళ్ళి చెయ్యో కాలో పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్ళు అక్కడే పడుకునేవారు. "ఆటకీ వంటకీ ఏడుపుకీ ఇదే చోటు. ఎవరికి ఏది కావాలంటే అది" అనేవారు తాతగారు. ఆయన ఆడగొంతు పెట్టి పాడితే మేకపిల్ల తప్పిపోయి అరిచినట్టుండేది. ఆ మాట మొహం మీదే అన్నాను. "అందుకే కదమ్మా అందరూ జాలిపడి కూర్చుంటున్నారు" అన్నారు.

ఇక ఆయన చేసిన తప్పు కూడా చెప్పాలి. మా అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని చెల్లి బొమ్మ చెయ్యమంది. కాదనలేక చేశారు. బొమ్మకి కళ్ళు ఆఖరున తొలుస్తారు. కళ్ళు తొలిచేదాకా అది వట్టి తోలు, తొలిచాక ప్రాణి కిందే లెక్క. ఆయన భయపడి కళ్ళు తొలవకుండా వదిలేశారు. అమ్మ చూసింది.

"కళ్ళు లేకపోతే నా పిల్ల నన్నెలా చూత్తాదండి?"

ఆయన ఉలి తీసుకున్నారు.

ఆ రోజు నుంచి అమ్మ ఇంటికి రావడం మానేసింది. కొఠారులోనే బొమ్మ ముందు అన్నం పెట్టుకుని, అది తినలేదని తనూ తినేది కాదు. నెల తిరిగేసరికి పుల్లలా అయిపోయింది. చెల్లి పోయింది, ఇప్పుడు అమ్మ కూడా పోతుందని నాకు అర్థమైంది. తాతగారి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బొమ్మని ఏట్లో వేసెయ్యమని అరిచాను.

"అరిగిన బొమ్మనే ఏట్లో కలపాలమ్మా. పసుపూ కుంకం పెట్టి, గుడ్డ చుట్టి సాగనంపుతాం. ఇది నిన్నగాక మొన్న పుట్టింది, ఎలా కలుపుతాం?" అన్నారాయన. మీసం సవరించుకుని, "అరగదీద్దాం" అన్నారు.

మర్నాటి నుంచి ఏ కథ ఆడినా అందులో మా చెల్లి ఉంది. చేపలు అమ్మింది, పడవ నడిపింది, అత్తగారితో తగువులాడింది, పురిటి నొప్పులు పడింది, మనవల్ని ఆడించింది. బొమ్మ కుడిచేతిని ఆడించే పుల్ల నా చేతికి ఇచ్చారు. నేను పట్టుకోనన్నాను. ఉప్పెన రోజు ఆ చెయ్యి వదిలింది నేనేనని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఆయనకి చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. "కొంచెం ఒదులుగా పట్టుకోమ్మా. బిగిస్తే చెయ్యి ఆడదు" అని మాత్రం అన్నారు.

నాలుగేళ్ళు పట్టింది. తెరకి ఇవతల అమ్మ మొదట ఏడ్చేది. తరవాత ఆ అత్తగారిని తిట్టేది. తిట్టి తిట్టి ఆకలేసి గంజి అడిగేది. రంగులు పోయాయి, మోకాలి దగ్గర తోలు చిరిగింది. ఒకరోజు ఆట మధ్యలో అమ్మ లేచి నిలబడి, "ఇక చాలండి. అలిసిపోయింది పిల్ల" అంది. గోదాట్లో తనే దిగి బొమ్మని తన చేతులతో వదిలింది. ఇంటికి వచ్చి వండింది. కొఠారులో మాటలు ఆ తరవాత కూడా వినిపించాయి, కానీ నేను పనాపి వినడం మానేశాను. మా అమ్మని నాకు బతికించి ఇచ్చింది ఆయనే. ఈ మాట ఆయన ఉండగా అనలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను.

మొన్న తాతగారి బొమ్మకని తోలు బిగించి మీసం దాకా గీశాను. అక్కడ ఆగిపోయాను. చెల్లికి బతకాల్సిన బతుకు మిగిలిపోయింది, అందుకని బొమ్మ కావలసివచ్చింది. తాతగారికి ఏం మిగిలింది? నిండుగా బతికారు. మిగిలింది నాకే. నా దిగులు కోసం ఆయన్ని మళ్ళీ పుట్టించి, అరిగేదాకా ఆడించడం న్యాయం కాదనిపించింది.

నిన్న మధ్యాహ్నం అందరూ వచ్చి కూర్చున్నాక చెప్పాను. "ఆయన బొమ్మ చెయ్యనండి. ఇవాళ ఆట కూడా లేదండి. కూర్చుంటామంటే కూర్చోండి." తెర వెనక దీపాలు వెలిగించి నేనూ ఇవతలకి వచ్చి కూర్చున్నాను. తెల్లటి తెర, దాని మీద ఏమీ లేదు. ఒక్కరూ లేవలేదు. కాసేపటికి అమ్మ చాప మీద నెమ్మదిగా పక్కకి జరిగింది. ఒక పిల్లా ఒక పెద్దాయనా కూర్చునేంత చోటు చేసి, అటు చూడకుండా తెర వైపే చూస్తూ కూర్చుంది.