ఊగే ముల్లు, తగ్గే బరువు

నా చిన్నప్పుడు, అమ్మను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చిన ఏడాది, మా జువ్వలదిన్నెకి ఒక డాక్టరమ్మ వస్తూ ఉండేది. వైద్యం చేయడానికి కాదు. కొత్తరకం పిండి పెడితే పిల్లలు ఒళ్లు చేస్తారా లేదా అని పరిశోధన చేయడానికి. కొన్ని వీధుల పిల్లలకు ఆ పిండి ఇచ్చేవారు. కొన్ని వీధుల పిల్లలకు ఏమీ ఇవ్వకుండా బరువు మాత్రం చూసేవారు. మాది పిండి లేని వీధి.

అమ్మకు కడుపులో గడ్డ. నాన్న సముద్రం మీద వేటకు పోయేవాడు, వేట లేని రోజున నెల్లూరు పోయేవాడు. నన్ను పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ మంచిదే కానీ, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి వచ్చేసరికి అలిసిపోయి ఉండేది. బడి నుంచి వచ్చాక ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. గుమ్మంలో కూర్చుని బస్సు వచ్చే దారి వైపు చూస్తుండేదాన్ని. నాన్న కనపడగానే ఎదురు పరిగెత్తి, అమ్మ ఎట్లా ఉందని అడిగేదాన్ని. గంజి తాగింది అంటే నాకూ ఆకలి వేసేది. ఏమీ తినలేదు అంటే నాకూ ముద్ద దిగేది కాదు. నా ప్రాణమంతా నాన్న తెచ్చే ఆ ఒక్క మాట మీద వేలాడుతుండేది.

ఒకరోజు బడి వరండాలో డాక్టరమ్మ నన్ను బరువు చూసే మిషను ఎక్కించి, "కొంచెం తగ్గినావే పాపా" అంది, మామూలుగా. అమ్మ జబ్బూ అట్లాగే మొదలైంది. రవికలు వదులవుతున్నాయని మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది. నేను వెళ్లి స్తంభం వెనక ఏడుస్తూ నిలబడ్డాను. పిల్లలందరూ వెళ్లిపోయాక ఆమె నన్ను చూసింది.

"ఏందిమే, ఇంటికి పోలా?"

"మాయమ్మ జబ్బు నాక్కూడా వచ్చిందా?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. చేయి పట్టుకుని మళ్లీ మిషను దగ్గరకు తీసుకెళ్లింది. ఎక్కించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూపించింది. దిగి మళ్లీ ఎక్కమంది. ఈసారి ముల్లు కాస్త పక్కన ఆగింది. ఇంకోసారి ఎక్కితే ఇంకోచోట. అప్పుడు కుండలోంచి పెద్ద చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి, మొత్తం తాగమంది. పొట్ట పట్టుకుని ఎక్కాను. ముల్లు ముందుకు జరిగింది.

"ఇప్పుడు లావైపోయినావా?" అంది.

ఏడుపులోనే నాకు నవ్వు వచ్చింది.

"మనిషి బరువు ఇట్టనే ఊగతా ఉంటది పాపా. ఇంత మాత్రానికి తగ్గినట్టూ కాదు, పెరిగినట్టూ కాదు. ఊగేదానికన్నా ఎక్కువ మారాల, మళ్లీ మళ్లీ చూసినా అటే పోతా ఉండాల. అప్పుడే నేను నమ్ముతా."

పిండి తిన్న ఒక పిల్లవాడు బరువెక్కితే అది పిండి చలవే అనలేమని కూడా చెప్పింది. వాడికి జ్వరం తగ్గి ఒళ్లు చేసి ఉండొచ్చు. అందుకే అంతమందిని నెలల తరబడి చూడాలి, పిండి తినని మాతో పోల్చాలి. అంటే నేనూ ఆమెకు అవసరమేనన్నమాట. నేను ఒకరికి అవసరమని ఆ రోజుల్లో నాకు ఇంకెవరూ చెప్పలేదు.

అప్పటినుంచి ఆమె వచ్చినప్పుడల్లా పక్కన చేరేదాన్ని. నాన్న తెచ్చే కబుర్లకు పొంగిపోవడం, కుంగిపోవడం కొంచెం తగ్గింది. కానీ ఒక సందేహం మాత్రం తొలుస్తూ ఉండేది. చివరికి అడిగేశాను. మా అమ్మది ఊగడమా, తగ్గడమా, మీరు చూసి చెప్తారా అని. నెల్లూరు ఆసుపత్రికి వెళ్లి చూస్తానంది.

తర్వాత వచ్చినప్పుడు బడికి కాకుండా నేరుగా పెద్దమ్మ ఇంటికి వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆసుపత్రిలో చేరినప్పట్నించీ మీయమ్మ బరువు ఎట్టా ఉందో చూసినా. ఇది ఊగడం కాదు పాపా. తగ్గతానే ఉంది."

పెద్దమ్మ ఉలిక్కిపడింది. "పసిబిడ్డకి ఇయన్నీ చెప్పొచ్చునా డాక్టరమ్మా? బాగైపోతుందని చెప్పుకుంటా వస్తా ఉండాం."

"అట్ట చెప్తే ఈ బిడ్డ ఇక్కడే కూర్చోనుంటది కదక్కా. పంపించండి. వాళ్లమ్మ అడగతా ఉంది."

నేను ఏడవలేదు. భయపడాల్సిన పని లేదని చెప్పి నన్ను నవ్వించిన మనిషే ఈ మాటా చెప్పింది కాబట్టి నమ్మాను. మర్నాడు నాన్న వేట మానుకుని నన్ను బస్సెక్కించాడు.

అమ్మ మంచం కింద చాప వేసుకుని ఆమెతోనే ఉండిపోయాను. పొద్దున్నే నాకు జడ వేసేది. అల్లుతూ అల్లుతూ చేతులు సోలిపోతే ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ అల్లేది. నాన్న ఆకలైనా అడగడని, నేనే పిలిచి అన్నం పెట్టాలని చెప్పేది. ఒకరోజు గ్లాసు నిండా మజ్జిగ తాగింది. నర్సమ్మ సంబరపడింది. నేనూ సంతోషించాను, మజ్జిగ తాగినందుకు మాత్రమే. వానలు మొదలయ్యే ముందు అమ్మ పోయింది. అప్పుడు నా చేయి ఆమె చేతిలోనే ఉంది.

పిండి తిన్న పిల్లలు నిజంగానే పెరిగారని ఆ తర్వాత తేలింది. మా వీధికీ ఇచ్చారు. పని అయిపోయింది కాబట్టి డాక్టరమ్మ రావడం మానేసింది. చాలాకాలం నేను ఆమె కోసం కూడా దారి చూశాను.

మొన్నామధ్య మా ఆయన మంచాన పడ్డప్పుడు, పలకరించడానికి వచ్చినవాళ్లు ఒకరోజు మొహం తేటగా ఉందనేవాళ్లు, ఇంకోరోజు నీరసించారనేవాళ్లు. నేను దేన్నీ నమ్మడానికి తొందరపడలేదు. మళ్లీ మళ్లీ చూసినా బరువు తగ్గిపోతూనే ఉన్నారని తెలిశాక మాత్రం మొహం తిప్పుకోలేదు. పనులన్నీ వదిలి ఆయన పక్కన కూర్చున్నాను. చెప్పాలనుకున్నవి ఆయన చెప్పారు, నేను విన్నాను. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే. పొద్దు గూకే వేళ పలకరించే గొంతు లేక ఏం చేయాలో తోచదు. కానీ, ఇంకొంచెం ముందే వెళ్లి కూర్చుని ఉంటే బాగుండేదే అన్న బాధ మాత్రం అమ్మ విషయంలోనూ లేదు, ఆయన విషయంలోనూ లేదు.