దీవిలో మా పైడమ్మ చెంబు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. యార్డు గురించి చిన్నప్పటి నుంచి ఎన్ని విన్నానో, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నేనే ఇలాంటిది చెప్పుకోవాల్సి రావడం చిరాగ్గా ఉంది.

మాది శ్రీకాకుళం వైపు. మా ముత్తాత కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ డాకు అనే ఓడరేవులో ఓడెక్కి, బొయిలర్లో బొగ్గు వేసే పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన భార్య పైడమ్మ చంటిపిల్లాడితో అన్నగారి పంచన చేరింది. ఆ అన్నే పిల్లాడికి బడిలోనూ రైల్వేలోనూ తండ్రిగా తన పేరు రాయించాడు. పైడమ్మేమో మొగుడి పేరు నోటితో పలికే మనిషి కాదు. బతికినన్నాళ్లూ ‘ఆయన’ అనే అంది. అలా ముత్తాత పేరు ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇవన్నీ చెప్పింది మా మేనత్త. పైడమ్మ ఆవిడకు నానమ్మ. అత్తకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది.

కిందటేడు ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. స్కాట్లండ్‌లో ఏదో చిన్న దీవిలో ఊరివాళ్లే పాత సామాన్లు, కాగితాలు పోగేసి ఒక గదిలో దాచుకున్నారట. వాటిలో ఒక ఇత్తడి చెంబు. ఎప్పుడో ఓడ మునిగినప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం నడుముకు కట్టి ఉందట. దాని మీద చుక్కలతో కొట్టిన తెలుగు అక్షరాలు. పుట్టింటి ఇంటిపేరుతో సహా మా పైడమ్మ పేరు. దాని జోడు చెంబు మా వంటింట్లోనే ఉంది. అదే పేరు, పక్కన అదే పువ్వు.

తీరా కనుక్కుంటే, ఆ అక్షరాలు ఎవరిచేతో చదివించుకుని, ఆ పేరు చనిపోయిన మనిషిదే అనుకుని దీవివాళ్లు సమాధి రాయి మీద చెక్కించారు. సారె చెంబు మీద పెళ్లికూతురి పేరు కొట్టిస్తారని వాళ్లకేం తెలుసు? తాత నెత్తిన నానమ్మ పేరు ఉందని అత్త తల్లడిల్లిపోయింది. తను పోయేలోగా ఆయన పేరు ఆ రాయి మీద పడాలని ఒకటే పట్టు.

ఏం పేరు చెక్కమంటాం? ఊళ్లో చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. సెలవు పెట్టి డాకు ఆఫీసు చుట్టూ తిరిగాను. వచ్చే వారం రండి దిదీ అనడం తప్ప ఎవరూ పట్టించుకోలేదు. విసుగెత్తిపోయింది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, దీవిలో ఆ పాత సామాన్ల గది చూసుకునే మోరాగ్ అనే రిటైర్డ్ టీచరమ్మ వీడియో కాల్ చేసింది. అత్త మంచం మీద కూర్చుంది, ఎదురుగా ఫోన్ పట్టుకుని నేను. మోరాగ్ చెంబు తీసి చూపించింది. అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన పేరు మాకే తెలియదని నేను ఇంగ్లీషులో చెప్పాను.

మోరాగ్ అయోమయంగా అడిగింది.

“మీ అత్త పక్కనున్న పెద్దావిడ ఇందాకటి నుంచి చెబుతోంది కదా. నూకరాజు, అంతేనా?”

అత్త పక్కన దిండు ఉంది, దుప్పటి ఉంది. ఇంట్లో మేమిద్దరమే. ఎలా ఉందావిడ అని అడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలా మెల్లిగా చెప్పిందని మోరాగ్ అంది. ఇంతలో లైను పోయింది.

ఆ కాల్ రికార్డు చేసి ఉంచాను. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫ్యాను చప్పుడు, మా మాటలు, అంతే. నూకరాజు అచ్చంగా మా వైపు పేరు. ఆ దీవి మనిషికి అది ఎక్కడ దొరుకుతుంది?

మోరాగ్ చూసింది చూసినట్టు వాళ్ల కమిటీకి చెప్పింది. రుజువు లేనిదే రాయి ముట్టుకోం అన్నారు. కోపంతో ఊగిపోయాను. కానీ వాళ్ల చోట నేనున్నా అదే అనేదాన్ని. ఆ సంగతి నన్ను ఇంకా తినేస్తోంది.

రుజువు అడుగుతున్నారని అత్తకు చెప్పక తప్పలేదు. ఆవిడ వంటింట్లోని జోడు చెంబు తెప్పించుకుని ఒళ్లో పెట్టుకుంది.

“బతికున్నన్నాళ్లూ పలకని పేరు ఇప్పుడు పలికిందే. కట్టుకున్నదే సెప్పాక, ఇంకెవరు సెప్పాలేటి ఆళ్లకి?”

ఆ రాయి మీద ఈ రోజుకీ పైడమ్మ అనే ఉంది.