గాలి ఎటుందో చూసి నిలబడే మనిషి

డ్రిల్లర్ గారు పోయారన్న కబురు నేను సగం గడ్డం గీసుకున్నప్పుడు అందింది. సందు చివర కిరాణా కొట్టు నడిపేవాడు మా గేటు దగ్గర నిలబడి, "మామా, నీ దోస్తు పోయిండే" అన్నాడు. ఏ దోస్తు అని నేను అడగలేదు. రెండో చెంప మీద సబ్బు నురగతోనే వీధిలోకి వచ్చేశాను. అది ఎండి చెంప బిగుసుకునే దాకా నా మొహం సంగతి నాకు గుర్తు రాలేదు. వాళ్ళింటి వరండాలో ఒకరిద్దరు నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నారు. ఆయనే ఉంటే, "పని మధ్యలో ఆపితే ఇలాగే బిగుస్తుంది మేస్త్రిగారూ" అనేవారు. ఆ మాట ఆయనకు ఎలా అబ్బిందో కాసేపట్లో చెబుతాను.

ముందు నా సంగతి ఒక్క ముక్క. బాలానగర్‌లో లేతు మిషను మీద ఇనుము చెక్కుతూ ముసలివాణ్ణయినవాణ్ణి. బడికి పోలేదు. బజ్జీలు తిన్నాక పొట్లం కాగితం విప్పి చదువుకున్నదే నా చదువు. అందుకే నాకు ఏ సంగతికీ మొదలూ చివరా తెలియవు, నూనె మరకలు వదిలేసిన మేరకే తెలుసు. ఈ రాతలో దారి తప్పితే ఆ మరకల పుణ్యమే అనుకోండి.

ఆయన గోదావరి జిల్లాల్లో చమురు బావులు తవ్వే రిగ్గుల మీద బతుకంతా గడిపి, రిటైరయ్యాక కూకట్‌పల్లిలో మా సందులో ఇల్లు కొనుక్కుని వచ్చారు. సామాను లారీ దిగిన రోజే నా దగ్గరికి వచ్చి, ఒక ఇనప కడ్డీకి బేరింగు వేసి ఇవ్వగలరా అని అడిగారు. దేనికో తెలియకుండానే చేసిచ్చాను. మర్నాడు చూస్తే ఆ కడ్డీ వాళ్ళ డాబా మీద నిలబడి ఉంది. దానికి వాళ్ళావిడ పాత నారింజరంగు చీర ముక్క, చొక్కా చెయ్యిలాగా గొట్టంగా కుట్టి తగిలించారు. గాలి ఎటు వీస్తే అది అటు తిరుగుతోంది. ఎలక్షన్ల రోజుల్లో ఇద్దరు కార్యకర్తలు వచ్చి అది ఏ పార్టీ జెండా అని నిలదీశారు కూడా.

"గాలి పార్టీ అండి" అన్నారట ఈయన. వాళ్ళు చాలాసేపు ఆలోచించి వెళ్ళిపోయారట.

అసలు సంగతేమిటంటే, రిగ్గు మీద అడుగు పెట్టినవాడు ముందు గాలి ఎటుందో చూసుకోవాలి. బావిలోంచి గ్యాసు తన్నుకొస్తే అది గాలితో పాటే పోతుంది గనక మనిషి గాలికి ఎదురు పరిగెత్తాలి. ఆయన పెళ్ళిభోజనానికి వచ్చినా ముందు గాలి చూసి, తలుపు చూసి, ఆ తరవాతే విస్తరి చూసేవారు.

రిగ్గంటే ఏమిటో నాకు మా టీ బల్ల మీద గ్లాసులూ అగ్గిపుల్లలూ పేర్చి చూపించారు. అదొక ఇనప గోపురం. దాని మీద ఎత్తున ఒక పలక వేసుకుని, గొట్టాల తలలు పట్టుకునేవాడు డెరిక్‌మ్యాన్. కింద గొట్టానికి గొట్టం బిగించే కండల మనుషులు రఫ్‌నెక్‌లు. వాళ్ళ పక్కనే బ్రేకు పిడి మీద చెయ్యేసి, కళ్ళతో కన్నా చెవులతో ఎక్కువగా బావిని కనిపెట్టుకుని ఉండేవాడు డ్రిల్లరు. వీళ్ళందరి మీదా పెత్తనం టూల్‌పుషర్‌ది. ఈయన ఆ పెత్తనం దాకా వెళ్ళే రిటైరయ్యారు గానీ, డ్రిల్లర్ అంటేనే పలికేవారు. "టూల్‌పుషర్‌కి కుర్చీ ఇస్తారండి. కుర్చీ ఏం చేసుకుంటాం?" అనేవారు.

గొట్టంలోంచి లోపలికి చిక్కటి బురద పంపుతారనీ, ఆ బురద బరువే కిందున్న గ్యాసును అణిచిపెడుతుందనీ చెప్పినప్పుడు నాకు అనుమానం వచ్చింది. "అయితే సార్, మీరు నూనె తీసేటోళ్ళు కాదా?"

"కాదండి. లోపలున్నదాన్ని లోపలే నొక్కిపట్టడం మా పని. తియ్యడం తరవాత వచ్చేవాళ్ళ పని."

ఆయనకు కూర్చోవడం రాదు. నిలబడితే కుడిచెయ్యి దేనిమీదైనా ఉండాలి. అది గేటు కావచ్చు, స్కూటరు హ్యాండిల్ కావచ్చు, ఎదుటివాడి భుజం కావచ్చు. మాట మధ్యలో చటుక్కున ఆగి, "చప్పుడు మారింది" అనేవారు. వినగా వినగా అది పక్కింటి మిక్సీ అని తెలిసేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని పేపర్లో చదివి వినిపిస్తే, "ఆగేముందు చప్పుడు మారాలి కదండి. వాటికి చప్పుడే లేకపోతే కనిపెట్టేదెలాగ?" అని నిజంగానే బాధపడ్డారు.

రిగ్గు మీద ఉద్యోగమంటే రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. వాళ్ళావిడ నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. ఒకరోజు మా ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది. "పెళ్ళయిన కాణ్ణించీ సగం మొగుణ్ణే చూశానండి. రిటైరయ్యాక ఎక్కడ కొనుక్కుందాం అంటే, ఈ ఊరే కావాలన్నాను. ఇక్కడ కిందంతా రాయే అంట, చమురు పడదంట. అందుకు."

ఎంత ముందుచూపు. కానీ ఒంటికి రిటైర్‌మెంటు తెలియదు. రెండు వారాలు కాగానే ఆయన కాళ్ళు గేటు దాటేవి. మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులవి. దాని చుట్టూ ఎక్కడ చూసినా బోరుబండ్లు రాయిని దంచుతుండేవి. ఆయన అక్కడికి పోయి నిలబడి, తలనిండా తెల్లటి పొడితో తిరిగొచ్చేవారు.

"ఎక్కడికెళ్ళారు?"

"పాలకి."

"పాలబూతు దగ్గర రాళ్ళు కొడుతున్నారా?"

చివరికి ఆవిడ ఒట్టు వేయించుకుంది. ఇక రిగ్గు అన్నదాని దగ్గరికి పోకూడదు. ఆయన ఒట్టు నిలబెట్టుకున్నారు, అంటే డాబా మీద అటూ ఇటూ తిరిగి గచ్చు అరగదీశారు.

ఆ వేసవిలో మా సందుకు నీళ్ళు బొత్తిగా రాలేదు. ట్యాంకరు దగ్గర బిందెలతో పాటు మాటలూ తగిలేవి. అందరం కలిసి బోరు వేయించుకుందామనుకున్నాం. ఈయన ఆవిడ మొహంలోకి చూశారు. "మన సందులోనే కదా, కళ్ళముందే ఉంటారు" అని ఆవిడ ఆ ఒక్కరోజుకు ఒట్టు సడలించింది.

తమిళదేశం నుంచి వచ్చిన బండి అది. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. మా డ్రిల్లర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మొదట గాలి చూశారు. తరవాత జనానికి ఉత్తర్వులిచ్చారు. ఏదన్నా జరిగితే అందరూ కిరాణా కొట్టు ముందు చేరాలి, అక్కడ తలలు లెక్కపెడతారు.

"అచ్చేది నీళ్ళే గద సార్, పులి కాదు గద" అన్నాడు కొట్టతను.

"ఏవొస్తుందో రాకముందు ఎవరికి తెలుసండి?"

మధ్యాహ్నం దాకా తెల్లటి పొడే లేచింది. తరవాత పొడి తడిసింది, బండి మోత బరువెక్కింది. ఆయన కుడిచెయ్యి నా భుజం మీద పడింది. అంతలో భళ్ళున నీళ్ళు పైకి లేచాయి. ఆడవాళ్ళు బిందెలతో ముందుకు ఉరికారు. పిల్లలు అరుస్తున్నారు. నా భుజం మీది చెయ్యి అప్పటికే లేదు.

"వెనక్కి! అందరూ వెనక్కి!"

ఆ గొంతు నేను అదివరకు వినలేదు, ఆ తరవాతా అంత దగ్గర్నుంచి వినలేదు. ఎందుకని అడగకుండానే సందంతా కొట్టువైపు పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. ఆయన మాత్రం బండి దగ్గరికే పోయి, ఆపరేటర్‌ని పక్కకు తోసి గాలి వాల్వు కట్టేశారు. లేచిన నీళ్ళు కూలబడ్డాయి. అంత మోత తరవాత ఆ నిశ్శబ్దం చెవులకు నొప్పిగా ఉంది. ఆయన మావైపు తిరిగారు. పెదాలు కదులుతున్నాయి. తలలు లెక్కపెడుతున్నారు.

ఆపరేటర్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఈ రాతిబోర్లలో బురద ఉండదు. పైనుంచి పంపే గాలే రాతిపొడిని బయటికి ఊదేస్తుంది. నడుమలో గాలి ఆపితే ఆ పొడంతా కిందికి జారి, రాయి దంచే సుత్తి చుట్టూ కూర్చుని పట్టేస్తుంది. గోదావరి మట్టిలో ప్రాణం కాపాడే పని ఇక్కడ బోరు పీక పిసికింది.

"నీళ్ళొస్తే గిట్ల బంద్ చేస్తరా సార్? ఇగ ఎండకాలమంతా ఏం తాగాలె మేము?" అన్నాడు కొట్టతను.

ఆపరేటర్ మనుషులు పొద్దు వాలేదాకా రాడ్లను ఎత్తుతూ దించుతూ, గాలి కొట్టి ఆపుతూ, ఎలాగో విడిపించారు. నీళ్ళు మళ్ళీ వచ్చాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేసి హారతి పట్టారు. ఆయన లేరక్కడ. వెతుక్కుంటూ వెళితే డాబా మీద, ఆ నారింజ గుడ్డ కింద నిలబడి ఉన్నారు.

"ఒకసారి రిగ్గు గోపురం పైన మనిషుండగానే బావిలోంచి గ్యాసు లేచిందండి" అన్నారు నావైపు చూడకుండా. "అరిచాను. ఆ మోతలో వాడికి వినబడలేదు. ఆఖర్ని తీగ పట్టుకుని జారాడు. బతికాడు గానీ అరచేతులు కాలిపోయాయి. ఇప్పుడు సోడా కొట్టు పెట్టుకున్నాడు. ఎప్పుడెళ్ళినా నాకు సోడా కొట్టి ఇస్తాడు, ఆ చేతుల్తోనే." తల ఎత్తి గుడ్డ ఎటు తిరిగిందో చూశారు. "కిందనుంచి ఏదొచ్చినా నాకు ముందు అరవాలనిపిస్తుంది మేస్త్రిగారూ. అది నీళ్ళో కాదో తరవాత తెలుస్తుంది."

మర్నాటి నుంచి ఆయన కుర్చీలో కూర్చున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. రెండు వారాలయినా కాళ్ళు గేటు దాటలేదు. మిక్సీ చప్పుడు మారినా తల తిప్పలేదు. ఆవిడ ఇన్నేళ్ళూ కోరుకున్నది ఇదే గదా అని నేను అనుకున్నాను. తెలివితక్కువవాణ్ణి.

ఒక సాయంత్రం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, మనిషి ఇంట్లోనే ఉన్నారు. నాకు ఎక్కడా కనబట్టం లేదు. ఆ బోరుబండి వాళ్ళు ఎక్కడున్నారో తెలుసా?"

"ఎందుకు చెల్లెమ్మా, తిట్టనీకెనా?"

"కాదండి. పిలిపించడానికి."

స్కూటరేసుకుని హఫీజ్‌పేట్ పోయాను. స్టేషనుకు అవతల కొత్త ప్లాట్లలో ఆ బండి దొరికింది. ఆపరేటర్ నా మాటంతా విని, మొహం తుడుచుకుంటూ అన్నాడు. "ఆయన అరిస్తే జనం ఎట్లా పోయారు, చూశారా? నేను రోజూ అరుస్తా, ఒక్కరూ కదలరు. నీళ్ళొచ్చేటప్పుడు పిల్లలు రాడ్ల కిందికే వచ్చేస్తారు. నాకు భయం. ఆ గొంతు నా బండికి కావాలి."

తానే వచ్చాడు. గేటు బయట చెప్పులు విడిచి, "అయ్యా, వాల్వు మాత్రం ముట్టుకోకూడదు. అరిచే పని అంతా మీదే" అన్నాడు. డ్రిల్లర్ గారు ఆవిడ మొహంలోకి చూశారు. ఆవిడ లోపలికి వెళ్ళి సంచి తెచ్చింది. క్యారియరు, తువ్వాలు, ఇంకో చొక్కా. ముందే సర్ది పెట్టింది.

"రెండు వారాలు వాళ్ళకి, రెండు వారాలు నాకు. పాత పద్ధతే" అంది.

అలా ఆయన మళ్ళీ నిలబడ్డారు. మాదాపూర్లో, కొండాపూర్లో, బండి ఎక్కడుంటే అక్కడ, చేత్తో ఏదో ఒకటి పట్టుకుని. మెడలో కార్డులు వేలాడేసుకున్న ఆఫీసు పిల్లలు నీళ్ళు చూడటానికి దగ్గరికొస్తే వెనక్కి తరిమేవారట. పొద్దుగూకాక నా దగ్గర టీ తాగుతూ, ఆనాటి బోరును తలుచుకుని నవ్వేవారు. "పని మధ్యలో ఆపితే బిగుస్తుంది" అన్న మాట అప్పుడు మొదలైందే. బోరు గురించి అంటున్నారో తన గురించో నేను అడగలేదు. ఇంటి వంతు రెండు వారాలూ ఆవిడ వెంట రైతుబజారుకు పోయి, కూరల సంచి మోస్తూ, గాలికి ఎదురుగా నిలబడేవారు.

నేను సబ్బు నురగతో వెళ్ళిన ఆ ఆదివారం, సంచి మేకుకు తగిలించి ఉంది. సోమవారం నుంచి బండి వంతు. నిద్రలోనే పోయారన్నారు. ఆవిడ గోడకు చేరబడి కూర్చుని ఉంది. నన్ను చూసి, "నా వంతు నాకు పూర్తిగా ఇచ్చే వెళ్ళారు అన్నయ్యగారూ" అంది. ఆ తరవాత, "మొహం కడుక్కోండి" అంది.

మధ్యాహ్నానికి ఆపరేటర్, అతని మనుషులు రాతిపొడి తలలతోనే వచ్చారు. పాడె లేవబోయే ముందు జనం ఒకరినొకరు తోసుకుంటుంటే, ఆపరేటర్ ఎందుకో "వెనక్కి" అన్నాడు, మెల్లగా. ఈసారి అతని మాట విన్నారు.

కర్మలయ్యాక బంధువులెవరో డాబా మీది గుడ్డ తీసేద్దామన్నారు. చావింటి మీద రంగుగుడ్డ ఎగరడం బాగుండదని. "ఉండనివ్వండి" అంది ఆవిడ. "గాలి ఎటుందో తెలియాలిగా."

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. సందులో అందరూ ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు. నేను వేసిన బేరింగు కిర్రుమంది. నూనె వెయ్యాలి. ఆ నారింజ గుడ్డ నిండా గాలి పోసుకుని మాదాపూర్ వైపు లేచింది, వెనక్కి తిరిగి ఇంటి మీదికి వాలింది, మళ్ళీ అటే లేచింది. కింద చెల్లెమ్మ గేటు మీద కుడిచెయ్యి వేసి, తల ఎత్తి, దాన్నే చూస్తూ నిలబడి ఉంది.