డైరీలో ఆఖరి పేజీ

పదిహేనేళ్ల సంగీతకు పక్కవాళ్ల ఇంట్లో ఏం జరుగుతుందో తెలియకపోతే అన్నం సయించదు. అలాంటి పిల్లను 2020 జూన్‌లో కాత్యాయని తన పాపను చూసుకోవడానికి పెట్టుకుంది. తప్పదు మరి. ఆమెది బ్యాంకు, భర్త ఫణికుమార్‌ది రైల్వే. కరోనా అయినా ఇద్దరికీ సెలవుల్లేవు. మూడేళ్ల వర్షిణి వెళ్లే క్రెష్ మూసేశారు. సంగీత బడీ మూసేశారు. ఆమె తండ్రి మొండయ్య పనిచేసే, సూరత్ ఉధ్నాలోని మరమగ్గాల కార్ఖానా కూడా నడవడం లేదు.

ఫణికుమార్ ముందుగదిలో ఒంటరిగా పడుకుంటాడనీ, మొగుడూ పెళ్లాలు దగ్గరగా కూర్చోరనీ పిల్ల వారంలోనే కనిపెట్టింది. గొడవే అయ్యుంటుందని తేల్చేసింది కూడా. ఓ మధ్యాహ్నం పాప నిద్రపోయాక వెతికితే కాత్యాయని దిండు కింద డైరీ దొరికింది. తీరా తెరిస్తే తెలుగు. సూరత్‌లో పుట్టి గుజరాతీ బడిలో చదివిన సంగీతకు తెలుగు మాట్లాడడమే వచ్చు, ఒక్క అక్షరం చదవలేదు. అయినా ఊరుకుంటుందా? ఆన్‌లైన్ క్లాసుల కోసం తండ్రి ఇచ్చిన ఫోనుతో ఆఖరి పేజీ ఫోటో తీసింది.

సాయంత్రం ఇంటికెళ్లి, వాట్సాప్‌లో కథ వచ్చింది చదవమని తండ్రినడిగింది. తెలంగాణలోని సొంతూళ్లో ఏడో తరగతి దాకా చదివిన మొండయ్యను కూతురు తెలుగు చదవమనడం అదే మొదటిసారి. మురిసిపోయి భార్య లింగవ్వను కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

"పాపకు అంటుతుందేమోనని ఆయన ముందుగదిలోనే పడుకుంటున్నారు."

ఇంతేనా అని సంగీత ఉసూరుమంది. మొండయ్య చదువుతూనే ఉన్నాడు.

"తినమని పెట్టిన చపాతీల్లో సంగీత రెండు తన సంచిలో దాచుకుంటోందని వర్షిణి చెప్పింది. వాళ్లింట్లో గడవడం లేదేమో. అడిగితే పిల్ల సిగ్గుపడుతుంది. రేపు పిండి తెప్పించి, ఎల్లుండి నుంచి నాలుగు ఎక్కువ చేసి, మిగిలిపోయినట్టు డబ్బాలో వదిలేస్తాను."

మొండయ్య చదవడం ఆపేశాడు. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగీతకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది.

"మేడమే ఇస్తున్నదంటివి గద బిడ్డా," అన్నాడు తండ్రి. ఫోను తిరిగిచ్చేస్తూ, "ఆమె మన ఇజ్జత్ కాపాడింది. నువ్వు ఆమె రాసుకున్నది గిట్ల తెచ్చినవ్," అన్నాడు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది సంగీతకు.

మర్నాడు డబ్బాలో నాలుగు చపాతీలు ఎక్కువున్నాయి. సంగీత వాటి ముందు చాలాసేపు నిలబడింది. రోజూ రెండు దాచుకునే పిల్ల వీటిని ముట్టకుండా వదిలేస్తే, డైరీ తెరిచిన సంగతి కాత్యాయనికి తెలిసిపోతుంది. ఆ భయంతోనే సంచిలో పెట్టుకుంది.

రోజూ "సల్లగుండాలె ఆ తల్లి" అంటూ తినే మొండయ్య ఆ సాయంత్రం ఏమీ అనలేదు. తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.